ఓడవారి బస్సా, ఊరి గైడా?



విహారనౌకల ప్రకటనపత్రములలో రోమ్ అని పెద్ద అక్షరములతో అచ్చువేసి, దానికెదురుగా ఉదయము 7 గంటలకు రాకయు, సాయంకాలము 7 గంటలకు పోకయు చూపింతురు. కాని ఏ నౌకయు రోమ్ నగరమునకు పోదు. అది పోయి నిలుచునది చివితవెక్కియా రేవులో. ట్రాజన్ చక్రవర్తి క్రీస్తుశకము రెండవ శతాబ్ది ఆరంభమున కట్టించిన ఆ రేవునకును రోమ్ నగరమునకును నడుమ సుమారు 80 కిలోమీటర్ల నేల యున్నది. ఫ్లోరెన్స్ అని వ్రాసినచోట నౌక ఆగునది లివోర్నోలో. అచటినుండి ఫ్లోరెన్స్ దాదాపు 90 కిలోమీటర్లు. ఏథెన్స్ అన్నచోట పిరేయస్; ఇది మాత్రము నగరమునకు పది పండ్రెండు కిలోమీటర్ల లోపుననే యుండి, మెట్రో రైలుచేత దానితో ముడిపడి యున్నది. ఎఫెసస్ అన్నచోట టర్కీదేశపు కుషాదాసి. అచటినుండి ఆ శిథిలనగరము సుమారు 20 కిలోమీటర్లు. నౌకలో గది తీసికొనువారు గది వైశాల్యమును, భోజనశాలల సంఖ్యను, బాల్కనీ ఉన్నదా లేదా అనుటను విచారించినంతగా ఈ నేలదూరమును విచారింపరు. నా నేటి ప్రసంగమంతయు ఆ దూరమును గూర్చియే.

ఇటీవల అమెరికాలోను, సింగపూరులోను, లండనులోను ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలు తల్లిదండ్రులను రప్పించుకొని, వారికి మధ్యధరా సముద్రమునో అలాస్కా తీరమునో చూపించుట పరిపాటి యైనది. ప్రయాణమునకు కొన్ని నెలల ముందే ఇంటిలో ఒక చర్చ బయలుదేరును. రేవులో దిగినపుడు ఓడవారు అమ్ము యాత్రకే డబ్బు కట్టుదమా, లేక ఆ యూరి గైడునొకనిని మనమే కుదుర్చుకొందమా? కొడుకు వెలల పట్టిక చూచి ఓడవారిది దోపిడి యనును. తల్లి, ఓడ తప్పిపోయిన మన గతి యేమని భయపడును. కోడలు, నలుబదిమందితో బస్సులో కూర్చుండుటకేనా ఇంతదూరము వచ్చుట యని పెదవి విరుచును. వారిలో ఎవరిదియు కొట్టివేయదగిన మాట కాదు. కాని ఏదో యొక నిర్ణయము చేసికొని, దానినే ప్రయాణములోని అన్ని రేవులకును వర్తింపజేయవచ్చునని ముగ్గురును తలచుటలో చిక్కున్నది.

ఓడవారి యాత్ర యనునది నిజమునకు ఓడవారు నడుపునది కాదు. ఆ యూరిలోని యాత్రాసంస్థ యొకటి బస్సును, గైడును, ప్రవేశపు టిక్కెట్లను, భోజనమును సమకూర్చును. ఓడవారు దానిని తమ పేర అమ్మి, తమ వాటా తాము పుచ్చుకొందురు. రేవు వచ్చిననాటి ఉదయము ఆరున్నరకే నౌకలోని నాటకశాల జనముతో నిండియుండును. రాత్రి నర్తకులు ఆడిన వేదికమీద ఇపుడొక యువతి మైకు పట్టుకొని నిలిచియుండును. ఆమె సహచరులు టిక్కెట్లు చూచి, వచ్చినవారి చొక్కాలకు గుండ్రని కాగితపు బిళ్లల నంటింతురు. బిళ్లమీద బస్సు సంఖ్య యుండును. ఆ సంఖ్య పిలుచువరకు కూర్చుండవలెను. కాఫీ చేతబట్టుకొని కునుకు తీయువారును, మందులసంచి గదిలో మరచి మరల పరుగెత్తువారును, పదునాలుగవ సంఖ్య పిలిచినారా యని ప్రక్కవానిని మాటిమాటికి అడుగువారును, కూతురి చొక్కామీది బిళ్లకును తమ బిళ్లకును సంఖ్య కలియలేదని కంగారుపడు తల్లులును అచట కనబడుదురు. పిలుపు వచ్చినంతట బారులుగా మెట్లు దిగి, కఱ్ఱకు తగిలించిన సంఖ్యాఫలకము నెత్తిపట్టిన గైడు వెనుక నడువవలెను. కొందరు పెద్దలకు ఇది బడిపిల్లలను నడిపించినట్లు తోచి కష్టముగా నుండును గాని, వేలమందిని రెండుగంటలలో నేలకు దింపవలసినవారు వేరొకరీతిగా ఎట్లు చేయుదురో నాకు తోచదు.

ఆ బిళ్లకు మనము చెల్లించు వెలలో కొంత బస్సునకు, కొంత గైడునకు, కొంత లాభమునకు పోగా, మిగిలినది ఒక వాగ్దానమునకు వెల. ఓడవారు అమ్మిన యాత్ర దారిలో ఆలస్యమైనచో ఓడ వేచియుండును. వేచియుండుటకు వీలుకాని పక్షమున ఆ ప్రయాణికులను తరువాతి రేవునకు చేర్చుభారము ఓడవారు వహింతురు. సొంతముగా పోయినవారికి ఈ వాగ్దానము లేదు. ఓడ కదలు వేళకు అరగంట ముందో, అంతకును ముందో ఎక్కువారి గడువు ముగియును. ఆ మీదట గట్టుమీద చేతులూపుచు పరుగెత్తివచ్చువారిని చూచి, పైయంతస్తుల బాల్కనీలనుండి తోటిప్రయాణికులు చప్పట్లు కొట్టుట కలదు గాని ఓడ ఆగుట అరుదు. దీనిని కేవలము కాఠిన్యమనరాదు. రేవువారు కేటాయించిన సమయము, ఓడను బయటికి నడిపించుటకు వచ్చిన పైలటు, మరునాటి రేవులో తెల్లవారకముందే వచ్చి నిలువవలసిన బస్సులు, వీనినన్నింటిని ఇద్దరు ముగ్గురి కొరకు వెనుకకు నెట్టుట కెప్టెనునకు సులభమైన పని కాదు.

2024వ సంవత్సరము మార్చిలో, గినియా సింధుశాఖయందలి సావో టోమే దీవిలో, సొంతముగా యాత్ర కుదుర్చుకొని పోయిన ఎనమండుగురు ప్రయాణికులు రేవునకు ఆలస్యముగా వచ్చిరి. ఓడ ఇంకను లంగరు వేసియే యుండెను. ఆ దేశపు తీరరక్షకులు వారిని పడవలో ఓడదాపునకు తీసికొనిపోయిరి. అయినను వారికి పైకి ఎక్కుటకు అనుమతి లభింపలేదు. దేశమునుండి దేశమునకు ప్రయాణములు మారుచు ఓడవెంటబడి, తుదకు సెనెగల్ దేశపు డకార్‌లో వారు దానిని కలిసికొనిరి. ప్రపంచపత్రికలన్నియు దీనిని వ్రాసినవి. ఓడవారి యాత్రలను అమ్ముటకు ఇంతకు మించిన ప్రకటన ఏ సంస్థయు చేయించుకొనలేదు.

ఇందులో మనవారు ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఓడ తప్పిన అమెరికావాడు విమానపు టిక్కెట్టు కొని తరువాతి రేవునకు పోగలడు. అతనికి నష్టమయ్యెడిది డబ్బు. భారతదేశపు పాస్‌పోర్టు గలవానికి డబ్బుతోబాటు వీసా యనునొక గోడ అడ్డువచ్చును. గ్రీసునుండి టర్కీకి పోయి మరల గ్రీసునకు వచ్చు ఓడలో ప్రయాణించువానికి, ఒకటికంటె ఎక్కువమారులు ప్రవేశింపనిచ్చెడి షెంగెన్ వీసా ఉండితీరవలెను. మరికొన్ని దేశములు ఓడప్రయాణికులను ఆ పగటివరకు మాత్రము వీసా లేకయే దిగనిచ్చును. ఓడ కదలిపోయిన పిదప ఆ అనుమతికి అర్థముండదు. కావున అమెరికను మిత్రుడు సొంతగైడుతో హాయిగా తిరిగివచ్చితినని చెప్పిన మాట మనకు పూర్తిగా ప్రమాణము కాదు. అతని సాహసమునకు అతని పాస్‌పోర్టు వెన్నుదన్ను.

ఓడ వేచియుండునను వాగ్దానమునకును, క్షేమముగా తిరిగివత్తుమను వాగ్దానమునకును గల భేదమును గూడ ఇచటనే చెప్పుట మంచిది. 2019 డిసెంబరు 9వ తేదీన న్యూజిలాండులోని వాకారి అను అగ్నిపర్వతద్వీపము బ్రద్దలైనపుడు దానిపై 47 మంది యుండిరి. వారిలో 22 మంది మరణించిరి. ఆ 47 మందిలో అత్యధికులు ఒక విహారనౌకనుండి, ఆ నౌకవారే అమ్మిన యాత్రపై, దిగినవారు. ఓడటిక్కెట్టు వెనుకనుండు సన్నని అక్షరముల ఒప్పందమును చదివినచో, నేలమీద యాత్రలు నడుపువారు స్వతంత్ర వ్యాపారులనియు, వారి లోపములకు తాము బాధ్యులము కామనియు సాధారణముగా వ్రాసియుండును. ఓడవారు అమ్మినారు గనుక అన్నియు పరీక్షించియే యుందురని నిశ్చింతగా నుండుట తగదు.

ఇక బస్సుయాత్రలో మనము పోగొట్టుకొనునది యేమి? డబ్బు కాదు, పగలు. ఎఫెసస్‌నే చూడుడు. పైద్వారమువద్ద దిగిన గుంపు పాలరాతి వీథివెంట పల్లమునకు నడచుచు, సెల్సస్ గ్రంథాలయము ముందుకు వచ్చును. రోమన్ అధికారియైన తండ్రి సమాధిమీద కొడుకు కట్టించిన గ్రంథాలయమది. భూకంపములకు కూలిన దాని ముఖభాగమును ఆస్ట్రియా పురాతత్త్వజ్ఞులు 1970 ప్రాంతముల మొదలుపెట్టి, రాయి రాయి కూర్చి, మరల నిలిపిరి. ప్రయాణికులందరి చెవులకును చిన్న శ్రవణయంత్రములుండును; గైడు ముందు నడచుచు మెల్లగా మాటలాడినను వినబడును. కాని మోకాళ్లనొప్పితో వెనుకబడిన వృద్ధునికి, గైడు మలుపు తిరిగినకొలది ఆ స్వరము గరగరయై, తునకలై, ఆపై ఏమియు వినరాదు. అతడు గ్రంథాలయము చేరునప్పటికి సంఖ్యాఫలకము నాటకరంగమువైపు కదలిపోవుచుండును. ఆ నాటకరంగము సుమారు 25,000 మంది పట్టునది. దాని ముందునుండి పడమరకు సాగిన వీథి ఒకప్పుడు రేవులోనికి దిగుచుండెను. నది తెచ్చిన ఒండ్రు శతాబ్దములతరబడి పేరుకొని సముద్రమును కొన్ని కిలోమీటర్ల దూరమునకు నెట్టివేసినది. ఓడమీద వచ్చినవానికి ఎఫెసస్‌లో చూపవలసిన మొదటి విషయమిదియే యని నా మతము. గుంపులకు తీరిక చిక్కక సామాన్యముగా చూపకుండ పోవునదియు ఇదియే.

తీరిక దొరకు చోటు వేరుగా నున్నది. శిథిలములనుండి వచ్చినవెంటనే బస్సును తివాచీల కొట్టువద్ద నిలుపుదురు. గోడలవెంట బల్లలు, చిన్న గాజుగ్లాసులలో ఆపిలు తేనీరు, ఇద్దరు యువకులు చుట్టలుచుట్టిన తివాచీలను భుజములమీదనుండి విసరి గిఱ్ఱున తిప్పుచు ఒకదానిపై నొకటి పఱచుచుందురు. ఉన్ని ముడి యెట్లు, పట్టు ముడి యెట్లు, కాలితో త్రొక్కి చూడుడు, ఓడకు మోయ నక్కరలేదు, మీ యింటికే పంపుదుమని యజమాని చక్కని యాంగ్లములో చెప్పును. అది చూడదగిన విద్యయే, సందేహము లేదు. కాని గ్రంథాలయము ముందు పది నిమిషములు నిలువనీయనివారు ఇచట ముప్పావుగంట కూర్చుండబెట్టుట న్యాయమా? సొంతగైడులలోను కొట్లకు లాగుకొనిపోవువారు లేకపోలేదు. వారితో ముందుగానే కొట్లు వద్దని చెప్పవచ్చును, బస్సులో నలుబదిమంది పక్షమున ఎవరు చెప్పుదురు?

మంచి గైడు విలువ అతడు చెప్పిన సంగతులలోకంటె మన ప్రశ్నకు ఆగుటలో నున్నది. ఎఫెసస్ పాలరాతి వీథిలో ఒక పలకమీద ఎడమపాదపు గుర్తును, ప్రక్కన స్త్రీరూపమును చెక్కబడియున్నవి. అది వేశ్యాగృహమునకు దారిచూపు ప్రకటనయని గుంపునకు చెప్పి, అందరును నవ్వగానే ముందుకు సాగుట వాడుక. సర్కారు లైసెన్సుకార్డు మెడలో వేసికొన్న గైడొకామెను, ఇది నిజమేనా యని నిలదీసి యడుగగా, ఆమె నవ్వి, దానికి గట్టి ఆధారము లేదనియు, ఎవరో సోమరి గీచిన గీతయైనను కావచ్చుననియు చెప్పినది. కథ పోయినది గాని ఆమెయందు నమ్మకము కుదిరినది. ఆ తరువాత ఆమె చెప్పినదంతయు మరింత శ్రద్ధగా వినబుద్ధియైనది. మన పెద్దలకు యాంగ్లము కొంత తెలిసినను విదేశపు ఉచ్చారణ త్వరగా చెవికెక్కదు. వారికొరకు నెమ్మదిగా చెప్పువారు, నీడలో కూర్చుండనిచ్చువారు, మాంసము కలియని భోజనము దొరకుచోటు తెలిసినవారు బస్సు గుంపులో దొరకరు.

ఓడప్రయాణికుడును గైడును ఒకరినొకరు సహించుకొనుట క్రొత్త కథ కాదు. 1867లో క్వేకర్ సిటీ యను ఆవిరియోడ న్యూయార్కునుండి యాత్రికులతో మధ్యధరా రేవులకు వచ్చినది. అందులో వచ్చిన మార్క్ ట్వేన్ తన యాత్రాగ్రంథమున గైడులతో పడిన పాట్లను వర్ణించినాడు. వారి పేర్లు పలుకరాక ఆయన బృందము ఊరూరి గైడునకును ఫెర్గూసన్ అనియే నామకరణము చేసినది. జెనోవాలో కొలంబసు శిల్పమును పరవశముతో చూపిన గైడును, ఈయన బ్రదికియున్నాడా పోయినాడా యని ఏమియు తెలియనట్లు అడిగి ఏడిపించినది. పిరేయస్‌లో అంటురోగభయముచేత ఓడవారిని దిగనీయకపోగా, ఆయనయు మరి ముగ్గురును రాత్రి దొంగతనముగా ఒడ్డు చేరి, నడచిపోయి, వెన్నెలలో అక్రోపోలిసును చూచివచ్చిరి. రెండేండ్లు గడచి 1869లో ఆ రేవునకును ఏథెన్సునకును రైలు పడినది. నేడు ఆ దారిని మెట్రోలో అరగంట లోపున పోవచ్చును. కాని నేటి అక్రోపోలిసునకు వెన్నెలలో చొరబడుట కుదరదు. 2023 సెప్టెంబరునుండి రోజునకు 20,000 మందినే, గంటల వరుసను టిక్కెట్లిచ్చి, లోనికి పంపుచున్నారు. ఇటలీలోని శిథిలనగరమైన పాంపేయిలోను 2024 నవంబరునుండి ఆ సంఖ్యయే హద్దు. ముందుగా మన పేర టిక్కెట్టు తీసియుంచుట కూడ గైడు పనులలో నొకటి యైనది.

ఇంతకును నా తీర్పు చెప్పెదను. దారిని ఓడవారివద్దను, మాటను ఊరివారివద్దను కొనుట మేలు. పిరేయస్, కుషాదాసి, నేపుల్సు వంటిచోట్ల దారి స్వల్పము. ఏదైన చెడినను టాక్సీలో గట్టు చేరవచ్చును. అచట ఓడవారి వాగ్దానమునకు వెల పోయుట వృథా. లైసెన్సుగల గైడును కుదుర్చుకొని నిర్భయముగా పోవచ్చును. రోమ్ సంగతి అట్లు కాదు. చివితవెక్కియానుండి రైలుకలదు, గంటకు కొంచెము అటునిటుగా సాన్ పియెత్రో స్టేషనులో దింపును, అచటినుండి వాటికన్ నడకదూరము. కాని ఇటలీలో రైలుసమ్మెలు తరచు. రోడ్డుమీద ప్రమాదము జరిగెనా, అందరికిని అదే దారి. ఇట్టిచోట పలువురికి తెలియని ఉపాయమొకటి యున్నది. చాల ఓడలవారు గైడుగాని టిక్కెట్లుగాని లేక, ఉత్త బస్సును మాత్రము నడుపుదురు: ఉదయము నగరములో దింపి, సాయంకాలము అచటనే ఎక్కించుకొందురు. అదియు ఓడవారు అమ్మినదే గనుక వారి వాగ్దానము దానికిని వర్తించును. దానిలో పోయి, దిగినచోట మనము ముందుగా మాటలాడుకొన్న గైడును కలిసికొన్నచో, కొడుకు లెక్కయు, తల్లి భయమును, కోడలి విసుగును ఒక్కసారిగా తీరును.

గ్రీసు దీవియైన సాంటోరిని ఏ సూత్రమునకు లొంగదు. అచట పెద్దయోడలు గట్టునకు రాక, నడినీటనే నిలుచును; చిన్నపడవలలో దిగి, కొండకొమ్మునకు కేబుల్‌కారులోగాని, ఆరువందలకు చేరువైన మెట్లమీద గాని ఎక్కవలెను. ఓడవారి యాత్రికులను మొదటిపడవలలోనే వేరొక గట్టునకు చేర్చి బస్సెక్కింతురు. కాని సాయంకాలము దిగుటకు వారును వీరును ఒకే కేబుల్‌కారు వరుసలో నిలువవలసినదే. గాలి హెచ్చినచో ఓడ ఆ దీవిలో ఆగకయే పోవుటయు కలదు.

ఓడ ఆగకపోవు ఈ సంగతి వెలకును సంబంధించినది. ఓడ రేవునకు రానిచో ఓడవారు తమ యాత్రకు పుచ్చుకొన్న డబ్బు తిరిగి యిత్తురు. సొంతగైడుతో ఆ షరతును మనమే వ్రాయించుకొనవలెను; సొమ్ములో అధికభాగము యాత్ర ముగిసిన పిమ్మట ఇచ్చునట్లు కుదుర్చుకొనుట ఉత్తమము. భార్యాభర్త లిరువురే యైనచో వానుతో గైడును పెట్టుకొనుట ఓడబస్సుకంటె ఖరీదు కావచ్చును. బంధువులు ఎనమండుగురు కలిసిపోయినచో తలకు పడునది తరచుగా తక్కువే.

ముందేమియు మాటలాడుకొనక, రేవుగేటు దాటి చూచుకొందమనువారు కొందరున్నారు. కాశీ, గయలలో రైలు దిగినవారిని పండాలు చుట్టుముట్టినట్లు, అచట టాక్సీవారు బొమ్మల అట్టలు పట్టుకొని చుట్టుముట్టుదురు. పండా మన తాతల పేర్లున్న పుస్తకమైనను చూపును; వీరికి ఆ బంధము గూడ లేదు. దగ్గరి ఊరికి పోయి వచ్చుటకు వారు చాలుదురు. దూరపుదారికి వారిని నమ్ముకొనుట నేను ఒప్పను.

ఇపుడు మన విశాఖపట్టణమునకును ఈ ప్రశ్న వచ్చినది. అచటి రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023లో ప్రారంభమైనది. ఉదయము దిగి సాయంకాలము పోవు విదేశీయునికి బొఱ్ఱాగుహలు రోమ్ వంటివి. సుమారు 90 కిలోమీటర్లు, అందులో ఘాట్‌రోడ్డు. తొట్లకొండ ఎఫెసస్ వంటిది. భీమిలిదారిలో, సముద్రమునకు ఎదురుగా, నౌకాదళమువారు విమానముమీదనుండి సర్వే చేయుచుండగా బయటపడిన బౌద్ధారామము. అచట స్తూపమునకును విహారమునకును భేదము చెప్పి, వర్షపునీటిని భిక్షువులు తొట్లలో నిలువచేసికొన్న తీరు చూపి, ప్రశ్నకు ఆగి సమాధానము చెప్పగల యువతీయువకులను తీర్చిదిద్ది లైసెన్సులిచ్చుట పర్యాటకశాఖవారు వెంటనే చేపట్టవలసిన పని.

తుదిగా, ఓడ దిగబోవు శ్రోతలకు రెండు మాటలు. ఓడలోని గడియారము నేలమీది గడియారముతో ఎల్లపుడు కలియదు. ఇటలీకిని గ్రీసునకును గంట భేదము. చేతిఫోను నేల వేళకు తనంతట తాను మారిపోవును గాని ఓడ తన వేళకే కదలును; కావున మణికట్టు గడియారమును ఓడ వేళకే ఉంచుకొనుడు. ముందురాత్రి గదికి పంపు దినపత్రికలో ఎక్కవలసిన గడువును, ఆ రేవులో ఓడవారి ఏజెంటు పేరును, ఫోను నంబరును అచ్చువేయుదురు. పాస్‌పోర్టు నకలుతోబాటు ఆ కాగితమును గూడ జేబులో పెట్టుకొనియే నేలమీద కాలు మోపుడు.